ఈటె, బల్లెం, శూలం: ఒకటే ఆయుధమా, వేర్వేరు మాటలా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

సభ్యులందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో పిల్లలకు తెలుగు చెబుతాను. మా తరగతిలో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే పిల్లలే ఎక్కువ కాబట్టి, రెండు భాషల మాటలనూ ఎదురెదురుగా ఉంచి ఒక చిన్న పదకోశం రాసుకుంటున్నాను. వంటింటి మాటలు, పొలం మాటలు తేలికగానే పూర్తయ్యాయి. ఆయుధాల పుట దగ్గర కలం ఆగిపోయింది. ఒడియాలో బర్ఛా, భాలా, బల్లమ అనే మాటలు ఉన్నాయి. మూడింటికీ ఎదురుగా 'ఈటె' అని ఒక్క మాట రాసి ముందుకు పోవచ్చునని అనుకున్నాను. ఆ పుట చదివి వినిపించగానే ఒక అబ్బాయి లేచి, "ఈటె, బల్లెం ఒకటేనా టీచర్?" అని అడిగాడు. ఒకటేనని చెప్పాను. "మరి మా నాన్న 'వాడు నాకు పక్కలో బల్లెం' అంటాడు గాని, 'పక్కలో ఈటె' అని ఎప్పుడూ అనడేం?" అన్నాడు. రేపు చెబుతానని కూర్చోబెట్టాను. ఆ రేపు దాటి నాలుగు రోజులైంది.

నిఘంటువులు తెరిస్తే ఈటె అంటే బల్లెం, బల్లెం అంటే ఈటె అని ఉంది. ఒకరి ఇంటికి దారి అడిగితే రెండోవారి ఇల్లు చూపించినట్లుంది వాటి వరస. శూలం, కుంతం, శక్తి, తోమరం, శల్యం అనే సంస్కృత పదాలు వీటికి అదనం. ఇవన్నీ ఒకే వస్తువుకు పెట్టిన పేర్లా, లేక దేని పని దానిదా? తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

ప్రాణహిత, సిరొంచ

మహేంద్రతనయ గారికి నమస్కారం. ముందుగా ఈ రెండు మాటల పుట్టిళ్ళు చూద్దాం. ఈటె అచ్చంగా మన ద్రావిడ కుటుంబపు మాట. తమిళంలోనూ మలయాళంలోనూ అది ఈట్టి, కన్నడంలో ఈటి. బల్లెం ఉత్తరాది నుంచి నడిచివచ్చిన చుట్టం. సంస్కృతంలో భల్లం అనేది బాణాల్లో ఒక రకం. భారత యుద్ధ వర్ణనల్లో వీరులు ఒకరి తల ఒకరు ఎగరగొట్టేది తరచుగా ఈ భల్లాలతోనే. ఆ మాట మరాఠీ, హిందీ భాషల్లో భాలాగా మారేసరికి, వింటి నుంచి దూసుకుపోయే చిన్న బాణం చేత పట్టుకునే పొడుగాటి ఆయుధంగా ఎదిగింది. బల్లెం దాని తెలుగు రూపం. పర్లాకిమిడి వారి ఒడియా భాలా, మా గడ్చిరోలి వారి మరాఠీ భాలా ఒకటే. మధ్యలో ఇన్ని కొండలు, ఇన్ని ఏళ్ళు అడ్డం ఉన్నా ఆ మాట రెండు వైపులా చెక్కుచెదరలేదు.

మరాఠీలో భాలదార్, చోప్‌దార్ అనే జంట మాట ఉంది. దర్బారులో ప్రభువు ముందు బల్లెం పట్టుకొని నడిచేవాడు భాలదార్, దండం పట్టుకొని బిరుదులు పలికేవాడు చోప్‌దార్. తెలుగులోకి చోపుదారు వచ్చాడు గాని భాలదారు రాలేదు, మనకు అప్పటికే బల్లెం ఉంది కదా. నా చెవికి మాత్రం రెండు మాటల మధ్య తేడా ఇక్కడే వినిపిస్తుంది. ఈటె అనగానే అడవిలో పరుగెత్తేవాడు, విసిరేవాడు కళ్ళకు కడతాడు. బల్లెం అనగానే కోట గుమ్మం దగ్గర కదలకుండా నిలబడిన కావలివాడు కనిపిస్తాడు. ఈటె చేతిని విడిచి పోతుంది, బల్లెం దగ్గరే ఉంటుంది. పక్కలో ఉండేది బల్లెమే కావడానికి ఇది ఒక కారణం కావచ్చునని నా అభిప్రాయం.

వంశధార, గుణుపురం

అమ్మా, మీ శిష్యుడు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. చిన్నప్పుడు అర్థం తెలియకుండానే అమరకోశం వల్లెవేయించారు. ఇన్నేళ్ళకు దాని అవసరం పడింది. క్షత్రియవర్గంలో ఇలా ఉంటుంది: "వా పుంసి శల్యం శంకుర్నా సర్వలా తోమరోఽస్త్రియామ్, ప్రాసస్తు కుంతః". అంటే శల్యానికి శంకువు, సర్వలకు తోమరం, ప్రాసానికి కుంతం పర్యాయపదాలు. ఇవన్నీ పొడిచే ఆయుధాలో, విసిరే ఆయుధాలో. తోమరం, సర్వల పద్యాల్లోనే మిగిలిపోయాయి కాబట్టి వాటిని వదిలేద్దాం. తక్కినవి తెలుగులో ఎక్కడెక్కడ స్థిరపడ్డాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

శంకువు అంటే మొనదేలిన మేకు అనే అర్థమూ ఉంది. ఇల్లు కట్టేముందు నేలలో మేకు దిగగొట్టే పనికి శంకుస్థాపన అని పేరు వచ్చింది అందువల్లనే. నేలపై పన్నెండు అంగుళాల కొయ్య నిలబెట్టి దాని నీడతో పొద్దు కొలిచిన జ్యోతిష్కులు ఆ కొయ్యను కూడా శంకువే అన్నారు. లెక్కల పుస్తకంలో పిల్లలు ఘనపరిమాణం కట్టే శంకువు కూడా ఈ కుటుంబంలోదే. ఇంతటి వంశం ఉన్న మాటకు మన శిలాఫలకాల మీద ఒత్తు తగిలించి 'శంఖుస్థాపన' అని చెక్కుతున్నారు. శంఖం పూరించడానికి పనికివస్తుంది గాని పునాదిలో పాతడానికి పనికిరాదు.

శల్యం సంగతి ఇంకా విచిత్రం. ఒంట్లో దిగి లోపల ఉండిపోయిన ఏ ములికినైనా, ముల్లునైనా శల్యం అన్నారు. దాన్ని బయటికి తీసే విద్య సుశ్రుతుని శల్యతంత్రం. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో అది ఒకటి. అందుచేతనే శల్యచికిత్స అన్న పేరు. గాయం చేసే వస్తువు పేరే గాయం మాన్పే విద్యకు వచ్చింది. తెలుగులో శల్యానికి ఎముక అనే అర్థమూ స్థిరపడింది కాబట్టి, జబ్బుపడి లేచినవాణ్ణి చూసి 'చిక్కి శల్యమయ్యాడు' అంటాం. ఇక శల్యుడనే మద్రదేశపు రాజు కర్ణుడికి రథం తోలుతూ అడుగడుగునా అతని గుండెను దిగజార్చాడు. మొన పేరు గలవాడు మాటలతోనే పొడిచాడు. శల్యసారథ్యం అన్న నుడి ఆ కథ నుంచే పుట్టింది. ఆ శల్యుణ్ణి పద్దెనిమిదవ రోజున ధర్మరాజు చంపింది శక్తి అనే ఆయుధంతో. శక్తి కూడా ఈటె జాతిదే. కర్ణుడు ఇంద్రుడి దగ్గర పుచ్చుకొని అర్జునుడి కోసం దాచుకొని, చివరికి ఘటోత్కచుడి మీద ఖర్చు చేసిన ఆయుధం అదే. కుమారస్వామి చేతిలో ఉన్నదీ అదే. తమిళులు దాన్ని వేల్ అంటారు. నేటి తెలుగువాడికి శక్తి అంటే బలం అనో, అమ్మవారనో తోస్తుంది గాని ఆయుధం స్ఫురించదు.

ఇక ప్రాసం. 'అస్' అనే ధాతువుకు విసరడం అని అర్థం. అస్త్రం దాని నుంచే వచ్చింది. ముందుకు విసిరేది కనుక ప్రాసం. అనుప్రాసలోని ప్రాస కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. అక్కడ ఆయుధానికి బదులు అక్షరాన్ని విసురుతాం. మన పద్యంలో ప్రతి పాదం రెండో అక్షరం దగ్గర కవి గురి తప్పకుండా విసిరేది అదే. కొందరు గురి తప్పుతారు, అది వేరే సంగతి.

గోదావరి గట్టు, ధర్మాబాద్

వంశధార సారుకు నమస్కారం. మీరు కుంతం గురించి వివరంగా రాయలేదు. కుంతీదేవి పేరు కూడా కుంతం నుంచే వచ్చిందా? వీరమాత కాబట్టి ఆ పేరు పెట్టారని నేను ఎక్కడో విన్నాను.

వంశధార, గుణుపురం

లేదు నాయనా. ఆమె పుట్టింటివారు పెట్టిన పేరు పృథ; అందుకే అర్జునుడు పార్థుడయ్యాడు. కుంతిభోజుడు పెంచుకున్నాడు కాబట్టి కుంతి అయింది. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. కుంతం గురించి ఎక్కువ రాయకపోవడానికి కారణం, అది పద్యంలోంచి కిందికి దిగలేదు. ఏ సామెతలోనూ, ఏ తిట్టులోనూ దానికి చోటు దొరకలేదు.

మంజీర, దెగ్లూరు

పెద్దలు శూలాన్ని మరిచిపోయారు. నిజానికి వీటన్నిటిలోనూ ఇంటింటా తిరిగే మాట అదే. నేను స్థలాల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి నాకు రోజూ దానితోనే పని. వీధి నేరుగా వచ్చి ఇంటి గుమ్మానికి తగిలితే దాన్ని వీధిశూల అంటారు, వీధిపోటు అని కూడా అంటారు. వీధి అనే పొడుగాటి కర్ర ఇంటి గుండెలో దిగుతున్నట్లు ఊహించిన ఆ మనిషికి దండం పెట్టాలి. ఎందుకంటే ఆ ఒక్క ఊహ వల్ల మూడు నెలలుగా నా దగ్గర ఒక మంచి స్థలం అమ్ముడుపోకుండా పడి ఉంది. స్థలంలో పాత ఎముకలు బయటపడితే శల్యదోషం అంటారు. వంశధార సారు చెప్పిన శల్యం మా వ్యాపారంలోకి కూడా వచ్చింది.

ప్రయాణానికి వారశూల ఉంది. సోమవారం, శనివారం తూర్పుకు, మంగళవారం, బుధవారం ఉత్తరానికి, గురువారం దక్షిణానికి, శుక్రవారం, ఆదివారం పడమటికి వెళ్ళవద్దంటారు. ఆ రోజు ఆ దిక్కున శూలం నిలబడి ఉంటుందని భావం. మా అమ్మ ఈ లెక్క వేళ్ళ మీద చెబుతుంది. నాందేడ్ మాకు ఉత్తరాన ఉంది కాబట్టి మంగళవారం పడిన పనికి నేను పెరుగన్నం తిని బయలుదేరుతాను.

అన్నింటికన్నా బాధపెట్టేది కడుపులోని శూల. మెలిపెట్టి పొడిచే నొప్పికి శూల అని పేరు. మరాఠీలో దీన్ని పోట్‌శూళ్ అంటారు. అయితే మరాఠీవారు దానికి ఇంకొక పని అప్పగించారు. పక్కింటివాడు కొత్త బండి కొంటే మనకు కడుపుమంట పుడుతుంది. వారికి పోట్‌శూళ్ లేస్తుంది. అసూయ మనకు కాలుతుంది, వారికి పొడుస్తుంది. మా దెగ్లూరులో రెండు భాషలూ మాట్లాడేవాడికి రెండూ ఒకేసారి వస్తాయి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మంజీర గారి రాత చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇక్కడ ఒక సంగతి గమనించాను. శూలం ఏ లింగమో, శూల ఏ లింగమో అని వెతకనక్కరలేకుండానే మన పిల్లలకు తేడా తెలుసు. శూలం అంటే అమ్మవారి గుడి ముందు పాతినది. శూల అంటే నొప్పి. చివరి సున్న ఒక్కటి పోతే ఆయుధం బాధగా మారింది.

నాగావళి, రాయగడ

అందరూ పుస్తకాలు పట్టుకున్నారు గాని, వస్తువును పట్టుకున్నవారు ఒక్కరూ కనిపించలేదు. మా తాత కమ్మరి. రాయగడ చుట్టుపక్కల సంతలకు కొడవళ్ళు, గొడ్డళ్ళు, ఈటెలు చేసి తీసుకువెళ్ళేవాడు. ఈటె చేయడం కొడవలి చేసినంత తేలిక కాదని చెప్పేవాడు. ఇనుమును ఎర్రగా కాల్చి సాగగొట్టి, ఒక చివరను తమలపాకులా పలుచన చేసి, రెండో చివరను గొట్టంలా చుట్టాలి. కర్ర ఆ గొట్టంలో బిగుసుకోవాలి. మొనను కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది గాని పెళుసెక్కుతుంది. ఎముకకు తగిలితే పుటుక్కున విరుగుతుంది. అందుచేత మళ్ళీ సన్నని సెగ చూపించి ఆ పెళుసుదనాన్ని కొంచెం దించాలి. ఎంత సెగ అనేది ఇనుము మీదికి వచ్చే రంగును బట్టి తెలుసుకోవాలి, ఎండుగడ్డి రంగు దాటి నీలం వచ్చేసరికి మెత్తబడిపోతుంది. కర్ర అడుగున పొన్ను వేస్తారు. రోకలికి వేసే ఇనుప కట్టు లాంటిదే. నేలకు ఆనించినప్పుడు కర్ర చీలిపోకుండా కాపాడుతుంది.

సంతకు వచ్చే కొండవారు మొనను చూసేవారు కాదట. ఈటెను వేలి మీద అడ్డంగా నిలబెట్టి, ఎక్కడ సరితూగుతుందో చూసి బేరం ఆడేవారట. బరువు ముందుకు ఉంటే విసరడానికి, వెనక్కు ఉంటే చేతపట్టి పొడవడానికి. మా తాతకు ఈ రెండింటికీ వేరు వేరు పేర్లు ఉండేవి కావు. రెండూ ఈటెలే. 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ఈటెలు అడిగేవారు తగ్గిపోయారు. ఇప్పుడు మా కొలిమిలో త్రిశూలాలు మాత్రం చేస్తున్నాం. గుడులకు గిరాకీ తగ్గదు.

రైతు ఇంట్లో కూడా ఒక చిన్న ఈటె ఉండేదని మరవకండి. ఎద్దును అదిలించడానికి కర్ర చివర మేకు దిగగొట్టిన ములుగర్ర అది. 'ములుకుల్లాంటి మాటలు' అన్నది అక్కడి నుంచి వచ్చిన నుడే. మేము పట్టిన ఆయుధాలకు పుస్తకంలో పేర్లు లేకపోయినా, ఆ ఆయుధాల దెబ్బలు మీ మాటల్లో ఉన్నాయి.

ప్రాణహిత, సిరొంచ

నాగావళి గారి చివరి వాక్యం దగ్గర నాకు కొత్త దారి కనిపించింది. మనం ఇంతసేపూ ఆయుధం పేర్లే లెక్కపెట్టాం. అది చేసే పని తెలుగులో ఎంత దూరం పోయిందో చూడలేదు. పొడుచు అనే ఒక్క క్రియను తీసుకోండి. పొద్దు పొడుస్తుంది, చుక్క పొడుస్తుంది. అంటే వెలుగు చీకటిని చీల్చుకొని మొన చూపిస్తుంది. పచ్చబొట్టు పొడుస్తారు. పొడుపుకథ పొడిస్తే ఎదుటివాడు విప్పాలి. పనికిమాలినవాణ్ణి పట్టుకొని 'నువ్వు పొడిచిందేముంది?' అంటాం.

ఈ పొడుచు నుంచి వచ్చిన నామవాచకం పోటు. తలపోటు, పంటిపోటు, వెన్నుపోటు, గుండెపోటు. ఆసుపత్రి కాగితం మీద ఎంత పెద్ద మాట రాసినా, ఇంట్లో చెప్పుకునేది గుండెపోటు అనే. సముద్రానికి ఆటుపోట్లు. అత్తగారికి సూటిపోటి మాటలు. ఇద్దరు ఒకరినొకరు పొడుచుకుంటే పోట్లాట. మంజీర గారి వీధిపోటు సరేసరి. ఈటె మూలన పడినా, దాని పోటు మాత్రం ఇంట్లో ప్రతి గదిలోనూ ఉంది.

ఋషికుల్య, బరంపురం

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆయుధం మూలన పడిందన్న మాటను ఒప్పుకోలేను. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా ఈటెను 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చిన తరువాత మా మైదానంలో వెదురు గడ పట్టని పిల్లవాడు లేడు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నీరజ్ 88.88 మీటర్లతో మొదటి స్థానంలో, మా ఒడిశా పూరీ జిల్లాకు చెందిన కిషోర్ జెనా 87.54 మీటర్లతో రెండో స్థానంలో నిలిచినప్పుడు మా ఊళ్ళో తెలుగువారు, ఒడియావారు కలిసి టపాకాయలు కాల్చారు.

నాగావళి గారి తాతగారి దగ్గర కొండవారు వేలి మీద తూచి చూసిన ఆ సరితూకమే ఈ ఆట చరిత్రను మార్చింది. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఊవె హోన్ 104.80 మీటర్లు విసిరాడు. అలాగే సాగితే ఈటె మైదానం దాటి ప్రేక్షకుల్లో పడుతుందన్న భయం పుట్టింది. పైగా అప్పటి ఈటెలు తేలిపోతూ వచ్చి నేల మీద బల్లపరుపుగా పడేవి, మొన ముందు తగిలిందో లేదో తేల్చడానికి తగవులు వచ్చేవి. అందుచేత 1986 నుంచి పురుషుల ఈటె బరువు కేంద్రాన్ని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపారు. ఇప్పుడు మొన తొందరగా కిందికి వంగుతుంది. పురుషులది కనీసం 800 గ్రాములు, మహిళలది 600 గ్రాములు. దిగినప్పుడు లోహపు మొనే ముందుగా నేలను తాకాలి, లేకపోతే ఎంత దూరం పోయినా లెక్కలోకి రాదు.

మాటల సంగతికి వస్తే, పత్రికలవారు నీరజ్‌ను 'బల్లెం వీరుడు' అంటున్నారు. పిల్లలు మాత్రం జావెలిన్ అంటారు. నాకు 'ఈటె విసరడం' బాగుంటుంది. ప్రాణహిత గారు చెప్పినట్లు, చేతిని విడిచి పోయేది ఈటె. బల్లెం విసిరితే కావలివాడు ఉద్యోగం వదులుకున్నట్లుంటుంది.

కొలాబ్, జయపురం

నేను బ్యాంకులో పనిచేస్తాను. మాకు ఇంగ్లీషు నుంచి దిగే ఈటెలతో ఇబ్బంది. 'స్పియర్ ఫిషింగ్' అనే మోసం ఒకటి ఉంది. వల విసిరినట్లు వేలమందికి ఒకే ఉత్తరం పంపే మోసం వేరు. ఇది ఒక్క మనిషిని ఎంచుకొని, అతని పేరు, పదవి, పై అధికారి పేరు తెలుసుకొని, నిజమైనదే అనిపించేలా ఈమెయిల్ పంపడం. దాన్ని ఖాతాదారులకు తెలుగులో వివరించే కాగితంలో ఒకరు 'ఈటెతో చేపలు పట్టుట' అని రాశారు. చదివినవారంతా చేపల పెంపకానికి అప్పు ఇస్తున్నారని కౌంటరు దగ్గరికి వచ్చారు. చివరికి 'మీ పేరుతో గురిపెట్టి చేసే మోసం' అని మార్చాం.

ఇంకొక ప్రశ్న. ఉద్యమాన్ని ముందుండి నడిపినవారిని ఇంగ్లీషులో 'స్పియర్‌హెడ్' అంటారు. దాన్ని 'ఉద్యమానికి ఈటెమొనగా నిలిచారు' అని ఈ మధ్య రాస్తున్నారు. ఇది తెలుగేనా?

వంశధార, గుణుపురం

బాబూ, అది తెలుగు అక్షరాలు తొడుక్కున్న ఇంగ్లీషు. మనకు ఆ పని చేసే మాట ఎప్పటినుంచో ఉంది. మొన అంటే ఆయుధపు చివర అనే కాదు, యుద్ధానికి బారు తీరిన సేన అని కూడా పాత తెలుగులో అర్థం. ఆ మొనలో నిలబడగలవాడు మొనగాడు. సినిమాలవాళ్ళు ఆ మాటను వీధి రౌడీకి ఇచ్చేసరికి మనం దాని గౌరవం మరచిపోయాం. ఉద్యమం విషయంలో 'ముందు నడిచారు' అంటే చాలు; గట్టిగా చెప్పాలంటే మొనగాడు ఉండనే ఉన్నాడు.

గోదావరి గట్టు, ధర్మాబాద్

అన్నీ తేలాయి గాని అసలు ప్రశ్న మిగిలిపోయింది. పక్కలో బల్లెం అన్నప్పుడు పక్క అంటే డొక్కా, పడకా? నేను ఇంతకాలం డొక్కలో దిగిన బల్లెం అనుకున్నాను.

ప్రాణహిత, సిరొంచ

డొక్కలో దిగితే మనిషి బతకడు, బతకనివాడు సామెత చెప్పడు. పక్క అంటే ఇక్కడ పడకే. పక్క వేయడం, పక్క దులపడం, పసిబిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవడం అంటున్నాం కదా. బల్లెం ఇంకా గుచ్చుకోలేదు. పడుకున్న చోట పక్కనే ఉంది, ఎటు దొర్లితే దిగుతుందో తెలియదు, అందువల్ల నిద్ర పట్టదు. పొరుగున ఉన్న శత్రువు గురించి పత్రికలు ఈ నుడి వాడేది కూడా ఆ భావంతోనే. దూరం నుంచి విసిరే ఈటెకు ఆ పని అప్పగిస్తే నప్పదు; నిద్రపోయేవాడి మీద ఈటె విసిరితే అతనికి భయపడే తీరిక కూడా ఉండదు.

మంజీర, దెగ్లూరు

నా అమ్ముడుపోని స్థలం నాకు పక్కలో బల్లెం. ఇక నాకు సందేహం లేదు.

నిర్వాహకుడు

స్థలాల ప్రకటనలకు వేరే విభాగం ఉందని మంజీర గారికి మనవి. చర్చ దారి తప్పలేదు కాబట్టి తాళం వేయడం లేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ కృతజ్ఞతలు. నా పుటను ఇలా దిద్దుకున్నాను. బర్ఛా ఎదురుగా ఈటె, భాలా ఎదురుగానూ బల్లమ ఎదురుగానూ బల్లెం అని రాసి, కింద అర్థాలకు బదులు వాక్యాలు పెట్టాను. ఈ పద్ధతి మా ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే ఉండి, సవరల నోట విని వారి మాటలు రాసుకొని, 1938లో నిఘంటువుగా వెలువరించారు. నేను నా తరగతి పిల్లల నోట విన్నాను, అంతే తేడా.

ఈరోజు ఆ అబ్బాయిని నిలబెట్టి సమాధానం చెప్పే ముందు, పిల్లలందరికీ ఖాళీలు పూరించే అభ్యాసం ఇచ్చాను. 'వేటగాడు పంది మీదికి ... విసిరాడు', 'కడుపులో ... వచ్చింది', 'అమ్మవారి చేతిలో ...', 'జ్వరం వచ్చి చిక్కి ... అయ్యాడు'. ముప్పైమందిలో ఇరవై ఏడుగురు అన్నీ సరిగ్గా రాశారు. నేను ఒక్క నియమం కూడా చెప్పలేదు. ఒక పాప మాత్రం 'కడుపులో ఈటె వచ్చింది' అని రాసి, తనే పైకి చదువుకొని, కిసుక్కున నవ్వి కొట్టేసింది.

ఇంకొక సంగతి వంశధార మాస్టారికి చెప్పాలి. మీరు రాసింది చదివాక మా వీధి చివర ఉన్న భవనం శిలాఫలకం చూశాను. 'శంఖుస్థాపన' అనే ఉంది.

వంశధార, గుణుపురం

చెక్కేవాణ్ణి పిలిపించకండి అమ్మా. ఖకారాన్ని కకారం చేయబోయి రాయి పగలగొడతాడు. సిమెంటు పూసి రంగుతో రాయించండి.

నాగావళి, రాయగడ

సన్న ఉలి ఇంట్లో ఉంది. రెండో శనివారం నేను పర్లాకిమిడి వస్తున్నాను.

మంజీర, దెగ్లూరు

రాయగడ నుంచి పర్లాకిమిడి తూర్పు వైపు కదా? శనివారం తూర్పుకు శూల. పెరుగన్నం తిని బయలుదేరండి.